ఒక్క పూట, ఒక్క గది: చరిత్ర సదస్సులు నడిపే పెద్దలకు బహిరంగ లేఖ

రెండు తెలుగు రాష్ట్రాల్లో ఏటా చరిత్ర సదస్సులు జరిపించే పెద్దలందరికీ నమస్కారం.

నేను ఖమ్మం వైపు ఒక డిగ్రీ కాలేజీలో చరిత్ర చెబుతాను. పద్దెనిమిదేళ్లుగా సదస్సులకు వస్తున్నాను. భోజనాల క్యూలోనో చివరి వరుస కుర్చీల్లోనో మీలో చాలామంది నన్ను చూసే ఉంటారు. ఇది ఫిర్యాదు ఉత్తరం కాదు అని మొదలుపెడదామనుకున్నాను కానీ, కాస్త ఫిర్యాదు కూడా ఉంది, దాచడం ఎందుకు. అసలు మనవి మాత్రం చిన్నది. వచ్చే సదస్సులో, పేపర్లు చదవకుండా కలిసి కూర్చుని పని చేసుకోవడానికి మాకు ఒక్క పూట, ఒక్క గది ఇవ్వండి. ఎందుకో చెబుతాను.

కొన్నేళ్ల కిందట ఒక సదస్సులో నా పేపరు మధ్యాహ్నం సెషన్లో పదిహేడోది. నిజాం కాలంలో పాల్వంచ ప్రాంతపు శిస్తు లెక్కల మీద రాసుకొచ్చాను. ఐదు నిమిషాలు ఇచ్చారు. అధ్యక్షుల వారు నాలుగో నిమిషంలో బెల్లు కొట్టారు. ఎదురుగా ఉన్న పన్నెండు మందిలో పదకొండు మంది తమ వంతు కోసం కాగితాలు సర్దుకుంటున్నారు, పన్నెండో ఆయన నిద్రలో ఉన్నాడు. ప్రశ్నలు లేవు. టీకి బయటికొచ్చి, నాకు కొరుకుడు పడని ఒక ఉర్దూ కాగితం ఫోటోని ఫోన్లో పక్కనున్న మిత్రుడికి చూపిస్తున్నాను. చుక్కలు ఎగ్గొట్టి గొలుసుకట్టుగా రాసే షికస్తా రాత అది. ఎవరితోనో వచ్చిన ఒక పెద్దాయన, రెవెన్యూలో చేసి రిటైరయ్యారట, కళ్లద్దాలు నుదుటి మీదికి తోసి, ఫోన్ని ముక్కు దగ్గర పెట్టుకుని చూశాడు. నేను మూడేళ్లుగా ఊరి పేరనుకుని మ్యాపుల్లో వెతుకుతున్న మాట మీద వేలు పెట్టి, "ఇది ఊరు కాదు సారూ, ఖుష్కీ. మెట్ట భూమి. మా తాత రోజూ రాసేవాడు" అన్నాడు.

ఆ లేని ఊరి మీద నా పేపర్లో ఒక పేరా మొత్తం ఉంది. అప్పటికి పది నిమిషాల ముందే దాన్ని మైకులో చదివొచ్చాను.

ఆ పెద్దాయనకు సదస్సులో చోటు లేదు. పేపరు లేదు, డెలిగేట్ ఫీజు కట్టలేదు, మెడలో బ్యాడ్జి లేదు. నాకు అన్నిటికన్నా పనికొచ్చిన మనిషి ఆయనే.

ఆ టీ విరామాన్నే రెండు రోజులు సాగదీస్తే ఎలా ఉంటుందో అమెరికాలో కొందరు చరిత్రకారులు చేసి చూశారు. వర్జీనియాలో జార్జ్ మేసన్ యూనివర్సిటీలో చరిత్రకు, కొత్త మీడియాకు కలిపి ఒక సెంటర్ ఉంది. 1994లో రాయ్ రోజెన్‌జ్వైగ్ అనే చరిత్రకారుడు పెట్టాడు. మామూలు జనం చరిత్రను ఎలా గుర్తుపెట్టుకుంటారు, వాళ్లను కూడా కలుపుకుని చరిత్ర ఎలా రాయాలి అన్నది ఆయన జీవితమంతా పట్టుకున్న విషయం. ప్రొఫెసర్లు వికీపీడియాను చూసి ముక్కు చిట్లిస్తున్న 2006లోనే, చరిత్రకారులు దాన్ని సీరియస్‌గా తీసుకోవాలని పెద్ద వ్యాసం రాశాడు. 2007 అక్టోబరులో పోయాడు. ఆ తర్వాత ఏడెనిమిది నెలలకే, 2008 మే నెలాఖరులో, ఆ సెంటర్లో పనిచేసే కుర్రాళ్లు మొదటి దట్‌క్యాంప్ జరిపారు. ద హ్యుమానిటీస్ అండ్ టెక్నాలజీ క్యాంప్ అన్న మాటల్లోని మొదటి అక్షరాలే ఆ పేరు. సాఫ్ట్‌వేర్ వాళ్లు 2005 నుంచి బార్‌క్యాంప్ పేరుతో చేసుకుంటున్న గుంపు సమావేశాలను చూసి అల్లుకున్నారు.

ఆ క్యాంపుల్లో రోజు ఎలా నడిచేదో కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే మన పెద్దలకు "పేపర్లు లేని సదస్సు" అనగానే అదేదో పిక్నిక్ అనిపిస్తుంది. పేపరు చదవడం నిషేధం. వచ్చేవాళ్లు తాము తేల్చుకోవాలనుకుంటున్నదేమిటో ముందే నాలుగు ముక్కలు రాసి పంపుతారు. మొదటి రోజు పొద్దున అందరూ ఒక గదిలో కూర్చుని, ఖాళీ గడుల పట్టిక ఒకటి గోడకు కట్టి, ఏ గంటకు ఏ గదిలో ఏం మాట్లాడుకోవాలో అప్పటికప్పుడు తేల్చుకుంటారు. ఒక గంటలో ప్రోగ్రాం తయారు. పాత జనాభా లెక్కల్ని మ్యాపు మీదికి ఎక్కించడం ఎలాగో తెలియనివాడు అడుగుతాడు, తెలిసినవాడు లాప్‌టాప్ తెరుస్తాడు, ఇంకో ఆరుగురు చుట్టూ చేరతారు. ఒకరు రాసుకునే నోట్సు అందరికీ ఆన్‌లైన్లో కనిపిస్తూ ఉంటుంది. మధ్యాహ్నం భోజనాలప్పుడు ఇష్టమున్నవాళ్లు రెండు మూడు నిమిషాల్లో తమ పని చూపించి కూర్చుంటారు. పీజీ చదివే పిల్లలు, లైబ్రేరియన్లు, మ్యూజియం ఉద్యోగులు, ప్రొఫెసర్లు అందరూ ఒకే వరుసలో ఉంటారు. ప్రేక్షకులంటూ ఎవరూ ఉండరు. రెండు కాళ్ల నియమం అని ఇంకొకటి: ఉన్నచోట నువ్వు నేర్చుకునేదీ లేక, ఇచ్చేదీ లేకపోతే, లేచి పక్క గదికి పో, ఎవరూ ఏమీ అనుకోరు. దీని సంగతి మళ్లీ చెబుతాను, మన దగ్గర ఇది నడవదు.

ఇది వర్జీనియాలోనే ఆగిపోలేదు. 2010లో మెలన్ ఫౌండేషన్ గ్రాంటు ఇచ్చాక ఊరూరా పాకింది. అదే ఏడాది మేలో పారిస్‌లో జరిగిన క్యాంపులో కూర్చున్నవాళ్లు డిజిటల్ హ్యుమానిటీస్‌కు, అంటే కంప్యూటర్ సాయంతో చరిత్ర, సాహిత్యం లాంటివి పరిశోధించే పద్ధతికి, ఒక మేనిఫెస్టో రాసి పారేశారు. 2012 జనవరిలో చికాగోలో అమెరికన్ హిస్టారికల్ అసోసియేషన్ మహాసభకు జతగా ఒక రోజు దట్‌క్యాంప్ పెట్టారు. మీరు గమనించవలసింది ఇక్కడే. 1884లో పుట్టిన సంఘం, మనకన్నా ఎక్కువ లాంఛనాలున్న సంఘం, పేపర్ల సభ పేపర్ల సభలా ఉంచుకుంటూనే పక్కన ఒక రోజు దీనికి ఇచ్చింది. నేను అడుగుతున్నది అందులో సగం.

మొత్తం మీద మూడొందలకు పైగా క్యాంపులు జరిగాయి. అదే సెంటర్ నుంచి వచ్చిన సామాన్లు మనలో కొందరు రోజూ వాడుతున్నారు కూడా. ఫుట్‌నోట్లు సర్దిపెట్టే జొటేరో 2006లో వచ్చింది. పాత ఫోటోలు, ఉత్తరాలతో వెబ్ ఎగ్జిబిషన్ పెట్టుకునే ఒమేకా 2008లో వచ్చింది. ఆర్కైవ్స్‌లో ఫోన్‌తో తీసిన ఫోటోల గుట్టను పద్ధతిగా పెట్టే ట్రోపీ 2017లో. అన్నీ ఉచితం, అన్నిట్లోనూ తెలుగు టైపు చేయొచ్చు.

ఇదంతా చదివి ఊరుకోలేక రెండేళ్ల కిందట ఒక ఆదివారం మా ఊరి గ్రంథాలయంలో పదకొండు మందిమి కూర్చున్నాం. ముగ్గురం లెక్చరర్లం, ఒక పరిశోధక విద్యార్థిని, ఇద్దరు ఎంఏ పిల్లలు, ఒక హైస్కూలు సోషల్ టీచరు, ఇద్దరు పాత పేపర్లు పోగేసేవాళ్లు, బండి మీద ఊళ్లు తిరుగుతూ శాసనాలు, వీరగల్లులు ఫోటోలు తీసుకునే ఒక ఇన్సూరెన్స్ ఏజెంటు, ఒక డీటీపీ ఆపరేటరు. చార్టు పేపరు మీద స్కెచ్ పెన్నుతో గడులు గీసి బీరువా తలుపుకి అంటించాం. గది ఒకటే కాబట్టి రెండు మూలలు, ఒక వరండా.

ఏజెంటు గారి ఫోన్లో నాలుగు వేలకు పైగా ఫోటోలున్నాయి. ఏది ఏ ఊరిదో ఆయన బుర్రలో ఉంది, ఫోన్లో మాత్రం అన్నీ అంకెలే. ఆయనకు ఏదైనా అయితే ఆ నాలుగు వేల రాళ్లకు ఊళ్లు పోతాయి. (ఈ మాట ఆయన ముందే అన్నాను, ఆయనే ముందు నవ్వాడు.) వరండాలో పరిశోధక విద్యార్థిని ఆయన పక్కన కూర్చుని ట్రోపీలో ఊరు, గుడి, ఏ వైపు గోడ, ఎప్పుడు తీసింది అని గడులు పెట్టి, ఆయన చెబుతుంటే టైపు చేసింది. సాయంత్రానికి నూట నలభై అయ్యాయి. మిగతావి ఆయన ఇప్పుడు ఇంట్లో కూతురి చేత చేయిస్తున్నాడు.

డీటీపీ ఆయన ఎందుకొచ్చాడని మొదట నాకూ అనిపించింది. తీరా ఆ రోజు అందరికన్నా గిరాకీ ఆయనదే. ఇరవై ఏళ్ల కిందటి సిద్ధాంత గ్రంథాలన్నీ పాత డీటీపీ ఫాంట్లలో టైపయినవి. ఇప్పుడు అన్ని కంప్యూటర్లూ గుర్తుపట్టే యూనికోడ్ కాదు కాబట్టి, సీడీలో ఫైలు ఉన్నా తెరిస్తే కొంగలూ పిచికలూ కనిపిస్తాయి, "కాకతీయ" అని వెతికితే ఏమీ దొరకదు. వాటిని యూనికోడ్‌లోకి మార్చే పద్ధతి ఆయనకు కొట్టినపిండి. ఒత్తులు ఎక్కడ తారుమారవుతాయో, అరసున్న ఎక్కడ ఎగిరిపోతుందో చూపించి, నా సొంత థీసిస్‌ని నలభై నిమిషాల్లో బతికించి ఇచ్చాడు. పీహెచ్‌డీ అయిన పదహారేళ్లకు నా పుస్తకంలో నేను మొదటిసారి వెతుక్కోగలిగాను.

నాకు బాగా నచ్చిన మూల మాత్రం ఫసలీది, అంటే శిస్తు లెక్కలకు వాడే ఏడాదిది. మాది సరిహద్దు జిల్లా. భద్రాచలం 1959 దాకా తూర్పు గోదావరిలో ఉండేది, అంటే అక్కడి పాత కాగితాలు మద్రాసు ప్రెసిడెన్సీ లెక్కలు. గోదావరికి ఇవతల పాల్వంచ కాగితాలు నిజాం లెక్కలు. రెండిట్లోనూ ఏడాది ఫసలీలోనే రాస్తారు, రెండిట్లోనూ ఫసలీకి 590 కలిపితే ఇంగ్లిష్ ఏడాది వస్తుందని మనం పిల్లలకు చెప్పేస్తాం. కానీ మద్రాసు వైపు ఫసలీ జులై 1న మొదలయ్యేది, నిజాం వైపు అక్టోబరులో. మూసీ వరద తెలుసు కదా, 1908 సెప్టెంబరు 28. ఆ రోజు హైదరాబాదులో కాగితం రాస్తే 1317 ఫసలీ. అదే రోజు బెజవాడలో రాస్తే 1318. జులై నుంచి సెప్టెంబరు దాకా ఏటా ఈ తేడా ఉంటుంది. 590 కలుపుకుంటూ పోయి, ఒకే ఏడాది కరువును రెండు ఏళ్ల కరువుగా రాసిన పేపర్లలో నాదీ ఒకటి. ఎంఏ కుర్రాడొకడు ఎక్సెల్‌లో చిన్న షీటు చేశాడు. ఏ వైపు కాగితమో, ఏ నెలో, ఏ ఫసలీయో కొడితే ఇంగ్లిష్ ఏడాది చూపిస్తుంది. పక్కనే అడంగల్ అంటే పహాణీ, తరి అంటే మాగాణి, ఖుష్కీ అంటే మెట్ట అని రెండు వైపుల మాటలకు జోడీ పట్టిక మొదలుపెట్టాం. అడంగల్ అని మాత్రమే వెతికేవాడికి తెలంగాణ కాగితం ఒక్కటీ దొరకదు. ఇప్పుడా పట్టికలో రెండొందల చిల్లర మాటలున్నాయి. ఖుష్కీ దగ్గర నా చేత్తో నేనే గుర్తు పెట్టాను.

చెడిపోయినవీ ఉన్నాయి. చేతిరాత కాగితాల్ని యంత్రం చేత చదివిద్దామని ఒక మూల పెట్టాం. అచ్చు పుస్తకాన్ని ఓసీఆర్ బాగానే చదివింది, చేతిరాత దగ్గర బొమ్మలేసింది. నెట్టు రెండుసార్లు పోయింది, మూడింటికి కరెంటే పోయింది. ఇక రెండు కాళ్ల నియమం. ఒక పెద్ద సారు వచ్చి మైకు లేకుండానే ముప్పావుగంట జాతీయోద్యమం గురించి మాట్లాడారు. అమెరికాలో అయితే లేచి పోతారు. మనలో ఎవడు లేస్తాడు? చివరికి సోషల్ టీచరమ్మ "సార్ గొంతు ఎండిపోతోంది, టీ తెస్తాను" అని లేచింది. సాయం చేస్తామని నలుగురు వెంట వెళ్లారు. మన పద్ధతిలో మన నియమం అది, దాన్నే రాసుకుందాం.

క్యాంపుల్లో అంతా బంగారం అని కూడా నేను అనడం లేదు. కబుర్లు తక్కువ, చేత ఎక్కువ అన్నది వాళ్ల నినాదం. దాని మీదే అక్కడ చాలా గొడవైంది. ప్రోగ్రామింగ్ వచ్చినవాడిదే మాట చెల్లుతోందని, ఆలోచించేవాళ్లను కబుర్లవాళ్లుగా చూస్తున్నారని కొందరు గట్టిగానే అన్నారు. ఆ విమర్శ మనకు ఇంకా ఎక్కువ తగులుతుంది. కంప్యూటర్ తెలిసిన ఇరవై ఐదేళ్ల కుర్రాడి ముందు షికస్తా చదవగల డెబ్బై ఏళ్ల మనిషి నోరు మెదపకుండా కూర్చునే ప్రమాదం ఉంది. అందుకే ప్రతి మూలలో చదవగలిగే మనిషి ఒకరు, మీటలు నొక్కగలిగే మనిషి ఒకరు ఉండాలని మేం జంటలు కట్టాం. క్యాంపులు పన్నెండేళ్లు నడిచి ఆగిపోయాయి కూడా. ఆగిపోయినందుకు నాకేం బెంగ లేదు. అప్పటికి దానితో పని నేర్చుకున్నవాళ్లు పని చేసుకుంటున్నారు.

ఇంకో జాగ్రత్త. జనం ఇళ్లలోంచి తెచ్చే కాగితాలు వాళ్లవి. దస్తావేజులో నేటికీ కోర్టులో ఉన్న పొలం సర్వే నంబరు ఉండొచ్చు. ఫోటో తీసేముందు అడగాలి, నెట్‌లో పెట్టేముందు మళ్లీ అడగాలి. మా దగ్గర ఒకాయన "మీరు చూసుకోండి కానీ ఫోన్లలోకి ఎక్కించకండి" అన్నాడు. చూసి తిరిగిచ్చేశాం.

ఇక మీరు అడగబోయే ప్రశ్నలు నాకు తెలుసు. సర్టిఫికెట్ ఏమిస్తారు? ఇది చిన్న ప్రశ్న కాదు, నేను ఎగతాళి చేయను. ప్రమోషన్‌కు పాయింట్లు కావాలి, పాయింట్లకు "పేపర్ ప్రెజెంటెడ్" అని రాసిన కాగితం కావాలి. సదస్సుకు వచ్చే ముప్పాతిక మంది అందుకే వస్తాం, నాతో సహా. కాబట్టి సర్టిఫికెట్ ఇవ్వండి. కాకపోతే ఆ పూట చేసిన పని పేరు దాని మీద రాసి ఇవ్వండి: ఫలానా ఊరి శాసనాల ఫోటోల పట్టిక తయారీలో పాల్గొన్నారు, అని. దాన్ని కమిటీలు ఒప్పుకుంటాయా అంటే, మీలో సగం మంది ఆ కమిటీల్లోనే ఉన్నారు.

ముఖ్య అతిథి ఎవరు? ఎవరూ వద్దు. శాలువాలు, జ్ఞాపికలు ఎప్పటిలాగే మొదటి రోజు పొద్దున కానివ్వండి, మేమూ చప్పట్లు కొడతాం. "డిజిటల్ హిస్టరీ మీద ఒక సెషన్ ఎలాగూ పెడుతున్నాం కదా" అంటారేమో. చూశాను. రెండు గంటలు, పదకొండు పీపీటీలు, డిజిటల్ విప్లవం గురించి. ఒక్కరూ ఒక్క ఫైలు తెరిచి చూపించలేదు.

మన దగ్గర ఇలాంటిది కొత్తగా దిగుమతి చేసుకోవాల్సిన సరుకేమీ కాదు. మా మధిర వైపు దెందుకూరులో పుట్టిన ఆదిరాజు వీరభద్రరావు గారు బడిలో తెలుగు పాఠాలు చెప్పుకుంటూనే శాసనాల వెంట తిరిగాడు. కొమర్రాజు లక్ష్మణరావు గారు 1923లో పోయాక ఆయన పేరు పెట్టుకున్న పరిశోధక మండలికి ఆదిరాజు గారే పెద్ద దిక్కు. ఆ మండలి 1935లో తెలంగాణ శాసనాలను పుస్తకంగా తెచ్చింది. ఆయన ఈనాడు మన సదస్సుకు వస్తే డెలిగేట్ కేటగిరీలో ఏ గడిలో టిక్కు పెట్టుకుంటాడో ఒక్కసారి ఆ ఫారం తీసి చూడండి. ఈ కాలంలోనూ తెలుగు వికీపీడియా వాళ్లు జీతం లేకుండా, వేదిక లేకుండా ఏళ్ల తరబడి కూడి పనిచేస్తున్నారు. వాళ్లను పిలవండి. చరిత్ర వ్యాసాలు వాళ్లు రాస్తున్నారు, మన విద్యార్థులు చదువుతున్నది అవే. మనం మాత్రం పరీక్ష పేపర్లు దిద్దేటప్పుడు వాటిని తిట్టుకుంటున్నాం.

నేను కోరేది ఇంత. రెండో రోజు మధ్యాహ్నం పూట ఇవ్వండి. సాయంత్రం పెట్టొద్దు, చివరి బస్సు అందుకోవాల్సిన మహిళా లెక్చరర్లు ఉండలేరు. ఊళ్లలో కాగితాలు, నాణేలు, ఫోటోలు పోగేసేవాళ్లకు ఆ పూటకు ఫీజు లేకుండా బ్యాడ్జి ఇవ్వండి, వాళ్ల పేరు పక్కన హోదా అడగకండి. బల్లలు వరసగా కాకుండా గుంపులుగా వేసుకోనివ్వండి. ఆ రోజు రాసుకున్న నోట్సు, తయారైన పట్టికలు మీ సంచికలో పేపర్లతోపాటు వేయండి, లేదా కనీసం వేస్తామని ఒప్పుకోండి. మొదటి ఏడాది పదిహేను మందే వస్తారు. అందులో ఐదుగురు మధ్యలో వెళ్లిపోతారు. అయినా రెండో ఏడాదికి కూడా గది ఉంచండి.

గది తాళం ముందురోజు సాయంత్రం ఇప్పిస్తే చాలు. చార్టు పేపర్లు, ఎక్స్‌టెన్షన్ బోర్డులు మేమే తెచ్చుకుంటాం. ఫ్యాన్లు తిరిగే గది అయితే మరీ మంచిది.

ఇట్లు,
ఖమ్మం జిల్లా నుంచి ఒక చరిత్ర లెక్చరరు